హైదరాబాద్ నుంచి నూజివీడు: రసాలు, వీణలు, దారిలో కొండపల్లి బొమ్మలు – రెండ్రోజుల ట్రిప్ ఎలా వేసుకోవాలి

మే నెల వచ్చిందంటే మా నిజాంపేట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే సందడి. ఎవరో ఒకరు "నూజివీడు చిన్న రసాలు, తోట నుంచి డైరెక్ట్" అని ఫోటో పెడతారు, ముప్పై ఫ్లాట్ల వాళ్లు ప్లస్ వన్ కొడతారు, నాలుగో రోజు మామిడిపళ్ల పెట్టె దిగుతుంది, తెరిచి చూస్తే పైవి పచ్చిగా, అడుగువి గుజ్జుగా, మధ్యలో ఓ పది మాత్రం తినేట్టు. మూడేళ్లు అలాగే తిన్నాం, తిన్నంతసేపూ మా అత్తగారు "ఇవి రసాలేనా నాయనా, మా తిరువూరు వైపు అయితేనా..." అని మొదలుపెడుతుంటే వినలేక నాలుగో ఏడు కారు తీశా. ఇప్పటికి నాలుగు సీజన్లు వెళ్లొచ్చాం, మొదటిసారి నేను చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని ఇదంతా రాస్తున్నా.

అసలు సంగతేంటంటే చిన్న రసం ప్రయాణం చేసే పండు కాదు. తోలు పల్చన, లోపల పీచూ రసమే తప్ప గట్టి కండ ఉండదు. బంగినపల్లి అయితే కోసుకు తినే పండు, లారీ ఎక్కి ఎంత దూరమైనా పోతుంది, ఏం కాదు. రసం అలా కాదు, చెట్టుకీ నోటికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉంటే అంత మంచిది. ఊళ్లో చేసే వీణా ఇంచుమించు అలాంటిదే, అదెలాగో తర్వాత చెప్తా. కాబట్టి మనమే వెళ్లాలి.

ఊరి గురించి ముందు నాలుగు ముక్కలు

నువ్వు చేలు ఉన్న చోటు కాబట్టి నువ్వుల వీడు అని, అదే నూజివీడు అయిందని ఊళ్లో చెప్తారు. మేకా వారి జమీందారీ, అప్పారావులు అంటే వాళ్లే. చాలా పెద్ద ఎస్టేట్, తర్వాత వాటాలుగా విడిపోయి వుయ్యూరు, మీర్జాపురం అంటూ వేర్వేరు అయ్యాయి. ఆ మీర్జాపురం రాజా గారే పాత రోజుల్లో సినిమాలు తీశారు, కంపెనీ పేరు శోభనాచల పిక్చర్స్, ఆ పేరు ఇక్కడి ఆగిరిపల్లి కొండ మీది స్వామిది. ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన ఎం.ఆర్. అప్పారావు గారిదీ ఈ కుటుంబమే. ఇప్పటి పిల్లలకి మాత్రం నూజివీడు అంటే 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ. ఇదివరకు కృష్ణా జిల్లా, 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, అయినా ఊళ్లో పెద్దవాళ్ల నోట కృష్ణా జిల్లా అనే వస్తుంది.

కోట ఉందిగా అని గోల్కొండని ఊహించుకుని వెళ్లకండి. జమీందారీ నాటి కట్టడాలు ఊళ్లో అక్కడక్కడా కనిపిస్తాయి, బయట నుంచి చూసి ముచ్చటపడటమే, లోపలికి వెళ్లాలంటే అక్కడున్న వాళ్లని అడిగి వెళ్లండి. ఎక్కి దిగే కోట కావాలంటే దారిలో కొండపల్లి ఉంది.

ఏ నెలలో వెళ్లాలి

ట్రిప్ అంతా దీని మీదే ఆధారపడి ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తా. డిసెంబర్, జనవరిలో పూత, ఫిబ్రవరి, మార్చిలో పిందె, ఏప్రిల్‌లో టెంక పట్టిన కాయ, ఏప్రిల్ ఆఖరు నుంచి మే అంతా పండు. మీ ఇంట్లో ఆవకాయ పెట్టేవాళ్లుంటే ఏప్రిల్‌లో వెళ్లండి, చిన్న రసం కాయ ఆవకాయకి మహా బాగుంటుంది, పులుపూ ఉంటుంది, ముక్కా గట్టిగా నిలుస్తుంది. ముక్కలు అక్కడే కొట్టించుకుంటే ఇంటికొచ్చేసరికి నీరు దిగుతాయి, కాయలే తెచ్చుకుని ఇక్కడ కొట్టించుకోండి.

పండ్ల కోసమే అయితే మే రెండు, మూడు వారాలు. మొదటి వారంలో వెళ్తే బంగినపల్లి బాగా దొరుకుతుంది కానీ రసాలు ఇంకా ఊపందుకోవు. నెలాఖరుకి వెళ్తే గాలిదుమ్ములకి రాలినవి, దెబ్బ తిన్నవి కలుస్తుంటాయి. ఇంకోటి, మామిడి ఒక ఏడు విరగ్గాస్తే మరుసటేడు కాస్త చేతులెత్తేస్తుంది, పైగా పూతప్పుడు మంచు పట్టినా వానలు పడినా కాపు పోతుంది, కాబట్టి బయల్దేరే ముందు అక్కడ తెలిసినవాళ్లు ఎవరున్నా ఒక ఫోన్ కొట్టి "కాపు ఎట్లా ఉంది, కోత మొదలైందా" అని అడగండి. మా రెండో సీజన్‌లో అడక్కుండా వెళ్లాం, తోటలో ఆకులు తప్ప ఏం లేవు.

ఎండ మాత్రం మామూలుగా ఉండదు. 42, 43 డిగ్రీలంటే హైదరాబాద్‌లోనూ చూస్తాం కదా అనుకోకండి, అక్కడ దానికి ఉక్కపోత తోడు. ఎండ పడదు, బొమ్మలూ వీణలూ చూస్తే చాలు అనేవాళ్లు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, హాయిగా ఉంటుంది, జనవరిలో అయితే తోటలన్నీ పూత వాసన.

ఎలా వెళ్లాలి

కారైతే ఎన్‌హెచ్ 65, ఎల్బీ నగర్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర దగ్గర టోల్స్, ఫాస్టాగ్‌లో డబ్బులుంచుకోండి. మొత్తం 300 కిలోమీటర్ల పైచిలుకు, ఆగుతూ వెళ్తే ఆరేడు గంటలు. మాది సిటీకి ఈ చివర కాబట్టి తెల్లారుజామున నాలుగున్నరకల్లా గేటు దాటాలి, ఆరు దాటితే ఎల్బీ నగర్, హయత్‌నగర్ దగ్గరే గంట పోతుంది. దారిలో బాటసింగారం వస్తుంది చూడండి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని అక్కడికే మార్చారు, సీజన్‌లో తెల్లారేసరికి మామిడి లారీలు వరసకట్టి ఉంటాయి. "ఇక్కడే కొనుక్కుని వెనక్కి పోదామా" అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది.

సూర్యాపేట నుంచి ఖమ్మం, తిరువూరు, విస్సన్నపేట మీదుగా కూడా నూజివీడు వెళ్లొచ్చు, తోటల మధ్యనుంచి పోయే దారి, బాగుంటుంది, కానీ కొండపల్లి తగలదు. మొదటిసారి వెళ్లేవాళ్లు హైవే పట్టుకోండి.

రైలైతే ఒక చిన్న మోసం ఉంది. నూజివీడు అనే పేరుతో స్టేషన్ ఉంది కానీ అది ఊళ్లో లేదు, హనుమాన్ జంక్షన్ వైపు, ఊరికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో. పేరు చూసి టికెట్ తీసుకోకుండా బెజవాడకి తీసుకోండి, రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతారు, పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి నూజివీడుకి బస్సులు తిరుగుతూనే ఉంటాయి, 45, 50 కిలోమీటర్లు. బస్సులో వెళ్లేవాళ్లు వీణ కొనే ఆలోచన పెట్టుకోకండి, రెండు పెట్టెల కాయలు మోసేసరికే నడుం పడిపోతుంది.

మొదటి రోజు పొద్దున: కొండపల్లి

ఇబ్రహీంపట్నం జంక్షన్‌లో ఎడమకి తిరిగితే కొన్ని కిలోమీటర్లే. పదిలోపు చేరితే ముందు ఖిల్లా, పది దాటితే ఖిల్లా వదిలేసి నేరుగా బొమ్మలు. కొండ పైదాకా రోడ్డు ఉంది, కారు వెళ్తుంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు కట్టించిన కోట, తర్వాత గజపతులు, వాళ్ల దగ్గర్నుంచి కృష్ణదేవరాయలు, ఆ తర్వాత కుతుబ్ షాహీలు, మొగలులు, 1766లో ఇంగ్లీషువాళ్లు, ఇలా చేతులు మారుతూ వచ్చింది. మన గోల్కొండ నవాబులు ఇక్కడిదాకా వచ్చారని చెప్తే మా అమ్మాయి కాసేపు ఆసక్తిగా వింది, తర్వాత ఐస్‌క్రీమ్ అంది.

బొమ్మల కాలనీలో షాపుల ముందే ఇళ్లు, ఇళ్లలోనే పని. రోడ్డు మీద మొదటి షాపులో కొనేసి వచ్చెయ్యకండి, ఒక గంట తిరగండి, పని జరుగుతున్న గడపలో నిలబడి "చూడొచ్చాండీ" అని అడిగితే ఎవరూ కాదనరు. తయారీ తెలిస్తే కొనడం సులువవుతుంది కాబట్టి చెప్తా. చెక్క తెల్ల పొణికి, చుట్టుపక్కల కొండల్లో దొరికేది, దూదిలా తేలిక. దాన్ని సన్న సెగ మీద పెట్టి తేమంతా పోగొడతారు. బొమ్మని ఒకే ముక్కలో చెక్కరు, చేతులు వేరు, తల వేరు, ఏనుగైతే తొండం వేరు, అన్నీ విడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద, ఆ చెక్కకి ఆ ముద్దే సిమెంటు. ఆరాక ఆకురాయి పెట్టి నునుపు చేసి, సున్నం పూత వేసి, అప్పుడు రంగులు. రంగుల పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే, కనుబొమ్మ గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి గీస్తారు, ఆ టైంలో మీ పిల్లల్ని కాస్త దూరంగా పట్టుకోండి.

ఇక కొనడం. మొదటి పరీక్ష, బొమ్మని అరచేతిలో పెట్టుకోండి, సైజుకి తగ్గ బరువు ఉందంటే అది పొణికి కాదు, వేరే చెక్కో అచ్చుపోసిందో. రెండోది, తిరగేసి అడుగు చూడండి, ఉలి జాడ ఉంటుంది. మూడోది, ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి మొహాలు చూడండి, చేత్తో చేసినవైతే అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకేలా ఉండవు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పెళ్లి పల్లకీ, ఇవి అందరూ తెచ్చుకునేవి. నన్నడిగితే పల్లె పనుల సెట్టు తీసుకోండి, రోకలి దంచే ఆవిడ, తిరగలి తిప్పే ఆవిడ, నీళ్లు చేదే ఆవిడ, మన పిల్లలకి వాటి పేర్లు చెప్పడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లయితే ఏడాదికి రెండు చొప్పున కొనుక్కుంటూ పోండి, ఒకేసారి ఇరవై కొంటే షోకేసులో దుమ్ము పడతాయి, అంతే.

బేరం కొద్దిగా ఆడండి, మరీ గీచి గీచి వద్దు. పొణికి చెక్క దొరకడమే కష్టమైపోతోందని అక్కడ ప్రతి ఇంట్లోనూ అదే మాట. బొమ్మల్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి కారు సీటు మీద పెట్టండి, డిక్కీలో వద్దు, డిక్కీ రేపు కాయలకి కావాలి, తొండాలు విరిగితే ఫెవికాల్‌తో అంటించినా ఆ అతుకు తెలిసిపోతుంది, మా ఇంట్లో ఒకటుంది.

మొదటి రోజు మధ్యాహ్నం: నూజివీడు, వీణలు

కొండపల్లి నుంచి మైలవరం మీదుగా నూజివీడు. మైలవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా తోటలు మొదలవుతాయి, మే నెలలో కారు అద్దం దించితే వేడిగాలితో పాటే ఆ వాసన. భోజనం మైలవరంలోనో నూజివీడులోనో ఏదో ఒక మెస్సులో, పప్పు, గోంగూర, పెరుగు, పెద్దగా ఆశలు పెట్టుకోకపోతే తృప్తిగా లేస్తారు. దారిలో ముంజలు కనిపిస్తే మాత్రం ఆగండి.

వీణల గురించి చాలామందికి తెలియదు. తెలుగువాళ్లకి వీణంటే బొబ్బిలి, కానీ నూజివీడులోనూ తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బజార్లో షోరూమ్ లాంటిది ఉంటుందని వెతక్కండి, "వీణలు చేసే ఇల్లు ఎక్కడండీ" అని అడిగితే ఆటోవాళ్లు చూపిస్తారు. ఎండ కాస్త తగ్గాక, నాలుగు గంటలకి వెళ్లండి.

చెక్క పనస. ఎందుకని అడిగితే పనస చెక్క ఏళ్ల తరబడి ఆరినా పగలదు, పురుగు పట్టదు, నాదం బాగా పలుకుతుంది అని చెప్పారు. వీణకి కుండ (నాదం పలికే గుండ్రటి బోలు భాగం), దండి (పొడుగాటి మెడ), చివర యాళి అనే సింహంలాంటి మృగం మొహం, ఈ మూడూ వేర్వేరుగా చేసి కలిపితే అది అతుకుల వీణ, మొత్తం ఒకే దుంగలోంచి తొలిస్తే ఏకాండి వీణ. ఏకాండికి రేటూ ఎక్కువే, ఆగాల్సిన రోజులూ ఎక్కువే. ఎడమ పక్క తొడ మీద ఆనే సొరకాయ బుర్ర ఉంటుంది కదా, ఇప్పుడు చాలావాటికి ఫైబర్‌దో కాగితం గుజ్జుదో పెడుతున్నారు. పైన నగిషీకి ఒకప్పుడు దుప్పి కొమ్ము వాడేవాళ్లట, ఇప్పుడు ప్లాస్టిక్ షీటు.

చూడాల్సింది మాత్రం మేళం కట్టడం, అంటే మెట్లు అమర్చడం. వీణ మీద తీగని నొక్కి పట్టే అడ్డ కమ్మీలే మెట్లు, మొత్తం 24, అవి మేకులతో కొట్టినవి కావు, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద మీద కూర్చోబెడతారు. ఒక్కో మెట్టునీ చెవితో వింటూ వెంట్రుకవాసి ఇటూ అటూ జరిపి స్వరం దొరికిన చోట ఆపేస్తారు. మేం వెళ్లినప్పుడు ఆ పని చేస్తున్న పెద్దాయన మాతో ఒక్క మాట మాట్లాడలేదు, అరగంట తర్వాత తలెత్తి "ఇంక అడగండమ్మా" అన్నారు. అప్పటిదాకా కూర్చోండి, మధ్యలో ఫోన్ మోగనివ్వకండి.

కొనాలనుకుంటే ఈ క్రమంలో వెళ్లండి. ముందు మీ పిల్లల వీణ టీచర్‌ని అడిగి ఏ సైజు, ఏ శ్రుతి అని రాయించుకోండి, వాయించేవాళ్లని కూడా తీసుకెళ్లండి, ఒళ్లో పెట్టుకుని చూడకుండా వీణ కొనకూడదు. రెడీగా ఉన్నది నచ్చకపోతే ఆర్డర్ ఇవ్వండి, అడ్వాన్సు ఇచ్చి వారాలో నెలలో ఆగడమే. తీగలు బిగించే బిరడాలు తిప్పి చూడండి, జారిపోతున్నాయా బిగుసుకుపోతున్నాయా అని. కుండ మీద వేలితో కొట్టి వినండి. మెట్లన్నీ ఒక్కొక్కటిగా మీటించండి, ఎక్కడైనా జరజరమంటే అక్కడే చెప్పండి, ఇంటికొచ్చాక ఫోన్‌లో చెప్పి లాభం లేదు.

ఇప్పుడు నా తప్పు. మా అమ్మాయికి వీణ తీసుకుని దుప్పట్లో చుట్టి వెనక సీటు మీద పడుకోబెట్టి, మే నెల మధ్యాహ్నం హైవే మీద కారు ఎండలో వదిలేసి గంటసేపు భోజనం చేశాం. కారులో వేడికి మైనం మెత్తబడింది, పై స్థాయిలో మూడు మెట్లు పక్కకి ఒరిగాయి. టీచర్ గారు చూసి నవ్వి, "మామిడిపండు తెచ్చినట్టు తెచ్చారు" అన్నారు, మేళం మళ్లీ కట్టించాల్సి వచ్చింది, కట్టేవాళ్లు హైదరాబాద్‌లో వెంటనే దొరకలేదు, రెండు నెలలు క్లాసు పోయింది. కాబట్టి ఎండాకాలంలో వీణ చూడండి, ఆర్డర్ ఇవ్వండి, తెచ్చుకోవడం మాత్రం శీతాకాలంలో పెట్టుకోండి. తప్పదంటే ఏసీ ఆపకుండా, కారు ఎండలో ఆపకుండా.

రాత్రి

నూజివీడులో లాడ్జీలు ఉన్నాయి, మామూలువి. ఇద్దరు కుర్రాళ్లయితే సరిపోతుంది. పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే హనుమాన్ జంక్షన్ వైపో బెజవాడలోనో ఉండి తెల్లారి రండి. ముందే ఏసీ గది బుక్ చేసుకోండి, మేము ఒక సీజన్ ఫ్యాన్ గదిలో పడుకుని తెల్లార్లూ తడిగుడ్డలు మార్చుకుంటూ కూర్చున్నాం.

రెండో రోజు పొద్దున: తోట

ఐదున్నరకి తోటలో ఉండాలి. కోత చల్లపొద్దునే మొదలవుతుంది, ఎనిమిదిన్నర దాటితే ఎండ, తొమ్మిదిన్నరకి లారీ బయల్దేరిపోతుంది.

ముందు ఎవరిని అడగాలో తెలుసుకోండి, ఇక్కడే మనలాంటివాళ్లు పొరబడతారు. తోట ఒకరిది, కాయ ఇంకొకరిది. చాలా తోటల్ని పూత మీదో పిందె మీదో వ్యాపారులు గుత్తకి తీసుకుంటారు, ఆ సీజన్‌కి చెట్టు మీదున్న ప్రతి కాయా వాళ్లదే, రైతు తన చెట్టుకాయ తను కోసుకోవాలన్నా అడిగి కోసుకోవాల్సిందే. మాకు తెలిసిన రైతు "మా తోటే, వెళ్లి కోసుకోండి" అన్నారు, వెళ్తే కాపలా ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. కాబట్టి గేటు దగ్గరే ఆగి "కాయ ఎవరిదండీ" అని అడగండి. కాపలా గుడిసె, దాని ముందు నులకమంచం, మంచం మీద ఒక బాబాయ్, అక్కడ మొదలుపెట్టండి. పిల్లల్ని రాళ్లు వెయ్యనివ్వకండి, ఒక కాయ కోసం వేసిన రాయికి నాలుగు కాయలు దెబ్బ తింటాయి.

కోసేది చిక్కంతో, అంటే పొడుగాటి వెదురు కర్ర చివర వల కట్టింది. కాయ కింద పడకూడదు, పడితే పైకి ఏమీ కనపడదు కానీ మూడో రోజు ఆ పక్క నల్లగా అవుతుంది. మా పిల్లకి చిక్కం ఇచ్చారు, పావుగంటకి మూడు కాయలు కోసి మెడ పట్టేసింది.

ఏ కాయ ఏరుకోవాలో ఆ బాబాయే నేర్పాడు. "రంగు చూడమాక బాబూ, ముచ్చిక చూడు" అన్నాడు. ముచ్చిక అంటే తొడిమ. ముచ్చిక దగ్గర కాయ భుజాలు నిండుగా పైకి లేచి, ముచ్చిక కాస్త గుంటలో కూర్చున్నట్టుంటే అది పక్వానికి వచ్చిన కాయ. భుజాలు జారిపోయి ఉంటే లేత, అది ఎన్నాళ్లు మాగేసినా ముడతలు పడుతుంది కానీ తీపి రాదు. అనుమానం ఉంటే బక్కెట్ నీళ్లలో వెయ్యండి, ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ముచ్చిక అంగుళం పొడవు ఉంచి కొయ్యమనండి, మొదట్లోనే తుంచితే సొన చిమ్ముతుంది, కాయ మీద పడితే మచ్చ, చేతి మీద పడితే పొక్కు, కంట్లో పడితే ఇక ట్రిప్ అంతా ఆసుపత్రే. తుంచాక కాయల్ని తలకిందులుగా గడ్డి మీద పెట్టి సొన కారనివ్వాలి, ఆ తర్వాతే పెట్టె.

రకాలు అడిగి తీసుకోండి. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, ఈ మూడూ పీల్చుకు తినేవి. చెరుకు రసం ఒట్టి తీపి. పెద్ద రసం సైజు, చిన్న రసం రుచి, అదీ నా ఓటు, తీపి వెనకాలే సన్నగా ఒక పులుపు వస్తుంది చూడండి, అది ఇంకే పండుకీ లేదు. బంగినపల్లి, సువర్ణరేఖ కూడా ఉంటాయి. కలెక్టరు కాయలు, అంటే తోతాపురి, జ్యూస్ ఫ్యాక్టరీలకి పోతాయి, పిల్లలు ఉప్పూకారం అద్దుకు తినడానికి ఓ నాలుగు అడిగితే ఊరికే ఇస్తారు.

రేటు ముందే తేల్చుకోండి, కిలో లెక్కా, కాయ లెక్కా, పెట్టె లెక్కా అని. అదే రోజు బెజవాడ పక్కన నున్న మార్కెట్‌లో ఏం రేటు పలికిందో కనుక్కుంటే మీకో అందాజా వస్తుంది, తోటలో దానికి కాస్త ఎక్కువే అడుగుతారు, ఏరుకోనిచ్చినందుకు ఇవ్వొచ్చు.

పాకింగు. అట్టపెట్టెకి పక్కన చిల్లులుండాలి, అడుగున ఎండుగడ్డి, రెండు వరసలే, మహా అయితే మూడు, వరసకీ వరసకీ మధ్య మళ్లీ గడ్డి. పచ్చి కాయలే ఎక్కువ తీసుకోండి, దారిలో తినడానికి ఓ పది పళ్లు విడిగా సంచిలో. మొదటేడు నేను పళ్లే పెట్టెల నిండా వేయించుకుని డిక్కీలో పెట్టా, చౌటుప్పల్ వచ్చేసరికి కారంతా తాండ్ర వాసన, ఇంటికొచ్చి చూస్తే అడుగు వరస ఉడికిపోయింది.

తిరుగు దారి

బెజవాడ వైపు వస్తుంటే ఆగిరిపల్లి తగులుతుంది. శోభనాచలం కొండ, లక్ష్మీనరసింహస్వామి, రథసప్తమికి పెద్ద ఉత్సవం. పదిలోపైతే ఆగండి, ఎండలో మెట్లు కాళ్లు కాలిపోతాయి, కింద నుంచే దణ్ణం పెట్టుకున్నా స్వామి ఏమనుకోడు. పన్నెండులోపు హైవే ఎక్కితే సాయంత్రం ఏడుకి ఇల్లు. ఆదివారం సాయంత్రం బెజవాడ నుంచి సగం హైదరాబాద్ తిరిగొస్తుంటుంది, పంతంగి టోల్ దగ్గర ఓపిక పట్టాలి. భోజనానికి ఆగితే నీడలో కారు, అద్దాలు కాస్త దించి, ఒకరు కారు దగ్గరే.

ఇంటికొచ్చాక

రాత్రి ఎంత అలసిపోయినా పెట్టెలు విప్పండి. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఒకటి కుళ్లి పక్కవాటికి అంటిస్తుంది. గాలి ఆడే గదిలో గోనెసంచి పరిచి, దాని మీద గడ్డి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా ఒకే వరస, పైన పల్చగా మళ్లీ గడ్డి. ఫ్లాట్‌లో గడ్డి ఎక్కడిది అంటారా, పెట్టెల్లో వచ్చిందే వాడండి, చాలకపోతే న్యూస్‌పేపర్. నాలుగైదు రోజుల నుంచి వారంలోపు మాగుతాయి. పచ్చి కాయని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి దెబ్బతిని ఇక పండదు. పండాకే ఫ్రిజ్, అదీ ఒకటి రెండు రోజులు.

రోజూ పొద్దున చేత్తో తడిమి చూడండి, మెత్తబడ్డవి తీసి ముందు పెట్టండి. రసాలకి రంగు నమ్మొద్దు, బాగా పండినా భుజాల దగ్గర ఆకుపచ్చ ఉండొచ్చు. బజార్లో పెట్టె మొత్తం ఒకేలా పసుపు పూసినట్టుండి, వాసన లేకుండా, లోపల టెంక దగ్గర పుల్లగా ఉన్నాయంటే కార్బైడ్ అని అనుమానించాల్సిందే. తడి తగిలితే అసిటిలీన్ గ్యాస్ వస్తుంది దాంట్లోంచి, దాంతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటివి కూడా ఉంటాయి, అందుకే దాన్ని నిషేధించారు. ఇథిలీన్ గ్యాస్‌తో పండించడానికి మాత్రం 100 పీపీఎం దాకా అనుమతి ఉంది, అది తప్పేం కాదు. మనకి రెండూ అక్కర్లేదు, గడ్డి చాలు.

తినే ముందు అరగంట నీళ్లలో వెయ్యండి. తర్వాత పండుని రెండు చేతుల మధ్య పెట్టుకుని నిదానంగా పిసకండి, తోలు చిట్లకుండా, లోపల టెంక కదులుతున్నట్టు తెలిసేదాకా. ముచ్చిక ఊడబీకి మొదటి నాలుగు చుక్కలు పిండి పారబొయ్యండి, అది జీడి, పెదాలు మండుతాయి. ఆ తర్వాత చాకూ ప్లేటూ ఏమీ వద్దు, పిల్లలకి చొక్కాలు విప్పేసి బాల్కనీలో కూర్చోబెట్టండి, ఆ మరక ఏ సబ్బుకీ పోదు. పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, ఇరుక్కోనివ్వండి.

మరీ మెత్తబడినవి మిగిలితే రాత్రి పెరుగన్నంలో పిండుకోండి. మొన్న మే నెలలో మా అత్తగారికి అలాగే ఒక చిన్న రసం కంచంలో పిండి ఇచ్చా. కలుపుకుని తిన్నారు, ఇంకోటి ఉందా అని అడిగారు, తిరువూరు మాట ఎత్తలేదు.